పుట్టిన దేశం

చిలుకూరు మా మొయినాబాద్ మండలంలోదే. గండిపేట చెరువు దగ్గరున్న ఆ గుళ్లో హుండీ లేదు. కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. అక్కడి దేవుడికి జనం వీసా బాలాజీ అని పేరు పెట్టుకున్నారు. మా ఆపా కొడుకు పేరు మీద కూడా ఆ గుళ్లో ప్రదక్షిణలు జరిగాయి. తిరిగింది ఆపా కాదు, చేవెళ్లలో ఉండే వాడి దోస్తు తల్లి.

2014లో ఇద్దరూ ఒకే వారం ఇంటర్వ్యూకు పోయారు. ఒకే కాలేజీ, ఒకే కోర్సు. ఆమె కొడుక్కి వీసా వచ్చింది. మావాడి చేతిలో ఒక చీటీ పెట్టారు. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగట. ఎందుకు? చెప్పరు. ఎన్నాళ్లు? చెప్పరు. వాడు పొద్దున లేస్తూనే కంప్యూటర్లో ఆ నంబరు కొట్టి చూసేవాడు. రోజూ అదే మాట. ఎవరన్నా అడుగుతారని బస్టాండు వైపు పోవడమే మానేశాడు.

పేరు వల్లనేనా? పత్రికలో పనిచేసేవాణ్ణి, రుజువు లేనిది రాయలేను. ఆ చీటీ వేరే మతాల పిల్లలకూ ఇస్తారు. కానీ కారణం చెప్పని చోట మా చూపు ముందు మా పేరు మీదికే పోతుంది. అలా అలవాటు చేశారు. పాస్‌పోర్టు విచారణకొచ్చినాయన మా ఆపా ఇచ్చిన చాయ్ తాగుతూనే, "పాకిస్తాన్ల చుట్టాలెవరన్న ఉన్నరా?" అని అడిగాడు. మీ ఇంట్లోనూ అడిగారా అని చేవెళ్ల పిలగాణ్ణి అడిగాను. "మమ్మల్నెందుకు అడుగుతరు మామా?" అన్నాడు అమాయకంగా.

ఐదు నెలలకు వీసా వచ్చింది. అప్పటికి ఒక సెమిస్టరు పోయింది. చేవెళ్ల నుంచి ఫోను. "అక్కా, మీవాని పేరు మీద గూడ తిరిగిన. ఇగ 108 బాకీ ఉన్నది." ఆపా నా మొహం చూసింది. షిర్క్ అవుతుందని ఆమె భయం. చదువుకున్నవాణ్ణే గానీ నాకూ జవాబు తోచలేదు. చివరికి ఆపానే అంది: "నువ్వే తిరుగు చెల్లె. నేను ఇంట్ల రోజాలుంట." ఆమె తిరిగింది. ఈమె ఉంది. షీర్ ఖుర్మా డబ్బా పట్టుకుని ఆపా చేవెళ్ల పోయేసరికి ఆమె కాళ్లు వాచి కూర్చుందట.

ఇప్పుడు ఇద్దరూ అమెరికాలోనే, గ్రీన్ కార్డు వరసలో. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఏడాదికిచ్చేవి సుమారు 1,40,000. భార్యాపిల్లలూ ఆ లెక్కలోనే. ఒక్కో దేశానికి 7 శాతం హద్దు. అక్కడ చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. అందుకే మనవాళ్ల వరస ఏళ్ల తరబడి కదలదు. మొన్న మావాడు ఫోన్లో నవ్వాడు: "మామూ, పాకిస్తాన్‌లో పుట్టుంటే నాకెప్పుడో వచ్చేది."

నాకు నవ్వు రాలేదు. క్రికెట్ మ్యాచ్ జరిగినప్పుడల్లా మమ్మల్ని ఆ దేశానికే పొమ్మన్నవాళ్లున్నారు. వాడి ఫైలులో మాత్రం పుట్టిన దేశం ఇండియా అని ఉంది. ఆ ఒక్క ముక్కనూ అక్కడ ఎవరూ అనుమానించలేదు. దానికోసమే ఆపేశారు.

పోయిన సెమిస్టరు పుణ్యమా అని మావాడు వరసలో దోస్తు కంటే వెనకే ఉన్నాడు. చేవెళ్లామె మళ్లీ 11 తిరిగొచ్చింది, ఇద్దరి పేరు మీదా. ఈసారి ఆపాకు ముందే చెప్పి పోయింది.