వాట్ల మోజు

50 వాట్ల యాంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెడితే శబ్దం రెట్టింపవుతుందని చాలామంది నమ్మకం. నిజానికి పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒక్క వాటుకే మీటరు దూరంలో అంత శబ్దం ఇస్తుంది; మామూలు గదికి అదే ఎక్కువ. మరి పెద్ద యాంప్ దండగేనా? కాదు. సగటున ఒక వాటుతో సాగే పాటలో మృదంగం మీద దెబ్బ పడి శబ్దం 20 డెసిబెల్స్ పైకి లేస్తే, ఆ క్షణానికి 100 వాట్లు కావాలి. అవి అందకపోతే తరంగం కొస తెగిపోయి (క్లిప్పింగ్ అంటారు) పాట గరగరలాడుతుంది, ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికించే చిన్న స్పీకర్) కాలిపోయినా ఆశ్చర్యం లేదు. 60 వాట్ల స్పీకర్‌కి 100 వాట్ల యాంప్ పెట్టొచ్చా అంటారా? వాల్యూమ్ అదుపులో ఉంటే నిక్షేపంగా పెట్టొచ్చు. అట్టపెట్టె మీద వేలల్లో ఉండే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అంకెలు వదిలేసి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే) వాట్లు, స్పీకర్ సెన్సిటివిటీ చూసి కొనండి.