తుమ్ముకి మొలిచిన మొక్క

లండన్ శివారు హారోలో మేం అద్దెకి దిగిన ఇంటికి కంచె అవతల, పక్కింటి పెద్దావిడ పెంచుకున్న బడ్లియా పొద ఉండేది. ముదురు ఊదా పూలు, కాస్త దూరం నుంచి చూస్తే నేరేడుపండు రంగు. జూలై నెలాఖరుకి జానెడేసి గెలలు వేసేది. ఎండ కాసిన పూట ఒక్కో గెల మీద రెండు మూడు సీతాకోకచిలుకలు వాలి, మనం ముక్కు దగ్గర పెట్టినా కదలకుండా తేనె తాగుతూ ఉండేవి. మార్చిలో ఆవిడ ఆ పొదని మోకాలెత్తుకి నరికేస్తే ప్రాణం చివుక్కుమంది. ఆ వేసవికే అది మళ్లీ మనిషిని మించి లేచింది.

"గింజలు కావలసినన్ని కోసుకో" అందావిడ. నవంబర్లో పొడిగా ఉండే రోజు కోసం పది రోజులు కాపు కాశాను. గెలలు గోధుమ రంగుకి తిరిగి, చేత్తో పట్టుకుంటే గలగలమన్నాయి. కాగితం సంచిలోకి తలకిందులుగా వంచి తుంచుకొచ్చి, వంటింటి బల్ల మీద పేపరు పరిచి టీ వడకట్టుతో జల్లించాను. కాయ జీలకర్ర గింజకంటే కాస్త పెద్దది, ఎండి రెండుగా చీలి ఉంది. గింజని గింజ అనడానికే మనసొప్పదు. రంపం పొట్టులో నలుసంత, రెండు కొసలా గాలికి ఎగరడానికి పలచని రెక్క. ఒక పెద్ద పొద ఏడాదికి 30 లక్షల దాకా వేస్తుందట. అరగంట జల్లించి చెంచాడు పోగుచేశాక నాకు తుమ్మొచ్చింది. సగం గింజలు పెరటి తలుపులోంచి వెళ్లిపోయాయి.

మిగిలినవి వసంతంలో ధనియాలు చల్లినట్టు చల్లి, పైన మట్టి కప్పాను. నెల గడిచినా ఒక్కటీ రాలేదు. ఈ గింజకి వెలుతురు తగలాలి, కప్పితే మొలవదు. రెండోసారి అమ్మ తోటకూర గింజలు చల్లే పద్ధతి గుర్తుచేసుకున్నాను. పొడి ఇసుకలో కలిపి చల్లి, అరచేత్తో అదిమి, కింద పళ్లెంలో నీళ్లు పోసి వదిలేశాను. మూడు వారాలకి మట్టి మీద ఆకుపచ్చ బూజు పట్టినట్టు కనిపించింది. అదే నారు.

మరుసటేడు పూశాయి. ఒక్కటంటే ఒక్కదానికీ ఆ నేరేడు రంగు లేదు. అన్నీ వెలిసిన లిలాక్. రోజూ మెట్రోపాలిటన్ లైన్ రైలు కిటికీలోంచి చూసే పూలే అవి. పట్టాల పక్కన, పాత గోడల పగుళ్లలో ఎవరూ నాటకుండానే లేచినవి. చైనా కొండల నుంచి ఈ దేశపు తోటల్లోకి 1890లలో వచ్చిన మొక్క ఇది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడిన ఖాళీ స్థలాల్ని ఆక్రమించి ఊరంతా పాకింది. ఇటుక, సున్నం, రాళ్లు ఉంటే చాలు దానికి. పేరేమో ఆడమ్ బడిల్ అనే పాదిరీది. ఆయన 1715లోనే పోయాడు, ఈ పువ్వు మొహం చూసి ఎరగడు.

ఆ ఆగస్టులో నాన్న వచ్చారు. కడియపులంక నర్సరీల్లో నలభై ఏళ్లు అంట్లు కట్టిన మనిషి. నా కుండీలు చూసి నవ్వారు.

"గింజ వేస్తే తల్లి పోలిక రావాలని రూలేం లేదమ్మాయ్. ఆ రంగే కావాలంటే కొమ్మ గుచ్చుకో."

పక్కింటావిడని అడిగి, పూత లేని లేత కొమ్మలు నాలుగు కోశారు. ఒక్కోటీ బెత్తెడు. కణుపుకి సరిగ్గా కింద కోత, కింది ఆకులు దూసేసి, పై ఆకుల్ని సగానికి కత్తిరించారు. కుండీ మధ్యలో కాకుండా అంచు వెంబడి గుచ్చి, నీళ్ల సీసా పై సగం కోసి బోర్లించారు. నేను రోజూ లాగి చూస్తుంటే కసిరారు: "వేరు పట్టిందో లేదో అది చెప్తుంది, నువ్వు ఊరుకో." ఐదో వారంలో కుండీ అడుగు కన్నంలోంచి తెల్లటి వేరు తొంగిచూసింది. నాలుగింట్లో మూడు బతికాయి. నేరేడు రంగు నా పెరట్లోకి అలా వచ్చింది.

ఇప్పుడు పూత వాడగానే గెలలు కత్తిరించేస్తాను. గింజ పడితే ఊరి మీదికి పోతుంది, ఆ పాపం నాకెందుకు? అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం దీన్ని కలుపు మొక్కల జాబితాలోకే ఎక్కించింది. ఇంకో సంగతి, పీకాక్ సీతాకోకచిలుక ఇక్కడ తేనె తాగుతుందే గానీ దాని గొంగళిపురుగులు ఈ ఆకు ముట్టవు. వాటికి నెటిల్ ఆకు కావాలి. అందుకని కంచె మూల ఆ దురద మొక్కల్ని కూడా ఉండనిచ్చాను. మావారు ఆ వైపు వెళ్లరు.

ఇంతకీ ఆ తుమ్ము. పెరటి గుమ్మం మెట్టుకీ గోడకీ మధ్య సందులో, పిడికెడు మట్టయినా లేని చోట, ఒకటి మొలిచి నడుమెత్తు అయింది. పీకేద్దామని రెండుసార్లు పట్టుకున్నాను, రాలేదు. వీడియో కాల్‌లో నాన్న తన చేతి కటింగుల్ని ముందడగరు.

"ఆ మెట్టు మీది దాన్ని చూపించవే" అంటారు.