గాయాన్ని దాచని ఇల్లు, చేయందించిన దేశం

కువైట్ అనగానే మన కడప, రాజంపేట ప్రాంతాల కుటుంబాలకు జీవనోపాధి గుర్తుకు వస్తుంది. ఆ చిన్న దేశపు మనసును తెలుసుకోవాలంటే మాత్రం, రాజధానికి దక్షిణాన అల్ ఖురైన్‌లో ఉన్న ఒక ఇంటిని చూడాలి. మేము చూశాము. గోడల నిండా గుండ్ల తూట్లు. 1991 ఫిబ్రవరి 24న ఇరాక్ సేనలను ఇక్కడ ఎదిరించిన దళంలో 12 మంది అమరులయ్యారు. రెండు రోజులకే దేశం విముక్తి పొందింది. ఓడిపోతున్న ఆ సేనలు 600కు పైగా చమురు బావులకు నిప్పంటించాయి. ఆ ఇంటిని శిథిల రూపంలోనే స్మారకంగా నిలిపారు.

కాలం మారింది. ఐసిస్‌తో జరిగిన యుద్ధంలో ఇరాక్ నగరమైన మోసుల్ నేలమట్టమైంది. 2018 ఫిబ్రవరిలో ఇరాక్ పునర్నిర్మాణం కోసం ప్రపంచ దేశాలను తన ఇంటికి పిలిచింది కువైటే. అమీర్ షేఖ్ సబాహ్ 200 కోట్ల డాలర్లు ప్రకటించారు. అందులో సగం రుణం, సగం పెట్టుబడి. అన్ని దేశాల వాగ్దానాలు కలిపి సుమారు 3,000 కోట్ల డాలర్లు. ఇరాక్ కోరినది 8,800 కోట్లు.

అయితే కువైట్ తన యుద్ధ నష్టపరిహారాన్ని వదులుకోలేదు. కువైట్‌తో పాటు ఇతర హక్కుదారులందరికీ కలిపి చెల్లించవలసిన 5,240 కోట్ల డాలర్ల బాకీ 2022లో పూర్తిగా తీరింది. న్యాయంగా రావలసినది అడుగుతూనే, ఆపదలో ఉన్న పొరుగువానిని ఆదుకోవచ్చునన్నమాట. పొరుగింటితో పాత తగవు ఉన్న ప్రతి కుటుంబమూ ఆలోచించవలసిన విషయమిది.