ఆ గుంత ఎవరిది?

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్‌కు పోయే పెద్దరోడ్డును మిల్లు రోజుల్లో మేం 7వ నంబరు రోడ్డు అనేవాళ్లం. ఇప్పుడది 44. రెండు పక్కలా నల్లరేగడి, నడిమధ్య నున్నటి రోడ్డు.

పోయిన ఐప్పసి వానల్లో చుట్టాలింటికి పోతూ ఆ రోడ్డు దిగి విరుదునగర్ వీధిలోకి తిరిగామో లేదో, నీళ్లు నిలిచిన గుంతలో మా మోపెడ్ పడింది. వెనక కూర్చున్న మా ఇంటామెకు మణికట్టు ఇరిగింది. కట్టుకీ మందులకీ ఆరువేలు. ఒక ఆఫీసుకు పోతే "ఈ రోడ్డు మాది కాదు" అన్నారు. ఇంకో ఆఫీసులోనూ అదే మాట.

తర్వాత తెలుసుకున్నా. 44వ నంబరు జాతీయ రహదారుల సంస్థది, ఫోను 1033. రాష్ట్ర రోడ్లు హైవేస్ శాఖవి, పట్నం వీధులు మున్సిపాలిటీవి. రోడ్డు సరిగా చూడక ప్రాణం పోతేనో, అంగం పోతేనో కాంట్రాక్టరుకు, అధికారికి లక్ష దాకా జరిమానా అని 2019లో మోటారు చట్టంలో 198ఏ చేర్చారు. ఆ డబ్బు మన చేతికి రాదు, పరిహారం వేరే అడగాల. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు మాత్రం అక్కడి వాళ్లకు, గుంతలో పడి చనిపోతే 6 లక్షలు ఇవ్వమంది.

నా దగ్గర ఫోటో లేదు, చీటీ పారేశా. మీరట్లా చేయకండి. గుంతకు ఫోటో తీయండి, ఆస్పత్రి చీటీ దాచండి, పోలీసు కంప్లైంటు నకలు తీసుకోండి, సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చి రసీదు అడగండి.

మా ఇంటామె ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేదు.