మెట్లెన్ని?

అమ్మకి పక్షవాతం వచ్చి రెండో రోజు. మాట ఇంకా తిరగలేదు. నర్సు వచ్చి నన్నడిగిన మొదటి ప్రశ్న: "మీ ఇంట్లో మెట్లెన్ని?"

ఒళ్ళు మండింది. మనిషి సరిగా కళ్ళు తెరవకముందే పంపించే లెక్కలా? తల దగ్గర బోర్డు మీద ఇంటికెళ్ళే అంచనా తేదీ కూడా రాసేశారు. మర్నాడు ఫిజియో వచ్చి మెట్లెన్ని అంది. ఆ మర్నాడు ఆక్యుపేషనల్ థెరపిస్టు: మెట్లెన్ని, రెయిలింగ్ ఏ పక్క, మంచం ఎత్తెంత, బాత్రూం పైనా కిందా? ఇల్లు అమ్మకానికి పెట్టినా ఇన్ని అడగరు.

ఇక్కడ ఇంగ్లండులో ఇంటికెళ్ళే దారికీ నంబర్లే. ఏ సాయమూ అక్కర్లేకపోతే 0, ఇంటికొచ్చి చూసే మనిషి కావాలంటే 1, కోలుకునేదాకా వేరేచోట పడకైతే 2, నర్సింగ్ హోమ్ అయితే 3. నర్సింగ్ హోమంటే మన కాన్పుల ఆస్పత్రి కాదు, ముసలివాళ్ళు ఇక అక్కడే ఉండిపోయేది. అమ్మకి 1 రాశారు. ఊపిరి పీల్చుకున్నాను.

మన దగ్గరైతే బిల్లు కట్టు, ఫైలు పట్టుకో, ఆటో పిలువు. అయితేనేం, అప్పట్లో గుంటూరు ఆస్పత్రిలో నాన్న మంచం పక్కనే చాపేసుకుని పడుకున్న అమ్మ, ముక్కుగొట్టంలో పాలు పోయడం చూసి చూసి నేర్చుకుంది. ఇక్కడ వేళ దాటితే కన్నకొడుకునైనా బయటికి పంపేస్తారు.

మింగడం నేర్పింది మాత్రం కేరళ నర్సమ్మాయి. చిక్కదనానికీ మెట్లేనట, 0 నుంచి 7 దాకా! అమ్మ తిండి నాలుగో మెట్టు: చెంచా వంచితే ముద్దంతా ఒకేసారి జారాలి, అంటుకోకూడదు. పప్పన్నం మిక్సీలో వేశాను, సరే. చారులో కూడా పొడి కలిపి చిక్కబరచాలట. చారుని! "ఇప్పుడు మీరు చేసి చూపించండి" అంది. చేశాను. అమ్మ నోరు తిప్పుకుంది.

పక్క మార్చడం దగ్గరికొచ్చేసరికి నా వెక్కిరింత ఆగిపోయింది. నాన్నని ఇంటికి తెచ్చిన మూడో వారంలో నడుం కింద పుండు పడింది. రెండేసి గంటలకి ఒత్తిగిలించాలని మాకెవరూ చెప్పలేదు. తన చేతకానితనమేనని అమ్మ ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉంది. ఆ రెండు గంటల ముక్క ఈ పిల్ల నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది.

మేము ఇల్లు చేరేసరికి ముందు గదిలోకి ఆస్పత్రి మంచం వచ్చేసి ఉంది. వాకిలి పక్క గోడకి నంబరు తిప్పితే తెరుచుకునే తాళంచెవి పెట్టె. రోజుకి నాలుగుసార్లు మనుషులొస్తున్నారు. ఆరు వారాలదాకా డబ్బు అడగరు, తర్వాత అమ్మ ఆస్తిపాస్తులు లెక్కేస్తారు.

మెట్లు పదమూడు. అమ్మ ఇంకా ఒక్కటీ ఎక్కలేదు.