వెనక్కి తిరిగిన విమానం

మా మేనమామకు విమానాల పిచ్చి. పేకాట పిచ్చికీ, సినిమా పిచ్చికీ అయితే తిట్టడానికి ఆడవాళ్ళ దగ్గర మాటలు సిద్ధంగా ఉంటాయి. ఈ పిచ్చికి మాత్రం పాపం మా అత్తయ్యకు తిట్టు కూడా దొరకలేదు. "సగం జీతం ఆకాశంలో పారబోసి, ఖాళీ టిఫిన్ డబ్బాతో ఇంటికొస్తాడమ్మా" అని అందరితో చెప్పుకునేది.

మామయ్య కరెంటు ఆఫీసులో ఇంజనీరు. ఆదివారం తెల్లవారితే చాలు, హైదరాబాదు బేగంపేటలో ఫ్లయింగ్ క్లబ్బుకు పరుగు. అక్కడ ముగ్గురు జతగాళ్ళు: ఒక పళ్ళ డాక్టరు, ఒక బట్టల కొట్టాయన, ఒక కాలేజీ లెక్చరరు. నలుగురిలో ఒక్కరికీ విమానం నడుపుకుని బతకాల్సిన అవసరం లేదు. సరదాకి ఎగిరేవాళ్ళకిచ్చేది ప్రైవేటు పైలట్ లైసెన్సు. దాంతో స్నేహితుణ్ణి పక్కన ఎక్కించుకోవచ్చుగానీ, అతని దగ్గర కిరాయి పుచ్చుకోకూడదు. ఇప్పటి నిబంధనల ప్రకారం దానికి 17 ఏళ్ళు నిండాలి, కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. "నాకు వంట రావడానికి కూడా అంతసేపు పట్టలేదు" అనేది అత్తయ్య.

వాళ్ళు మొదట నేర్చుకున్నది పుష్పక్ మీద. బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు చేసిన విమానం అది. 1958లో మొదటిసారి ఎగిరింది. దేశంలో చాలా క్లబ్బులకు చేరింది. రెండే సీట్లు, పక్కపక్కన. పైన కప్పింది రేకు కాదు, గుడ్డ! ఆ మాట విని మా అమ్మమ్మ గుండెలు బాదుకుంది. "గొడుగులో కూర్చుని ఎగురుతున్నావుట్రా నాయనా!"

ఇద్దరు పైన ఉంటే మిగతా ఇద్దరు చెట్టు కింద చాప వేసుకుని కూర్చునేవారు. పైనున్నవాళ్ళు దిగేదాకా టిఫిన్ డబ్బా మూత తీయకూడదని వాళ్ళలో వాళ్ళకు ఒక కట్టుబాటు. బయటివాళ్ళకు అది మర్యాదలా కనిపించేది. కింద కూర్చున్నవాళ్ళకు ముద్ద దిగదు, అంతే సంగతి. ఒకసారి నాగార్జునసాగర్ మీదుగా తిరిగొచ్చి, డ్యాము పైనుంచి చూస్తే మడత మంచం పట్టెలా ఉందని మామయ్య చెబితే మా ఇల్లంతా వారం రోజులు నవ్వుకుంది.

నాకు ఎనిమిదేళ్ళప్పటి ముచ్చట. ఫిబ్రవరి నెల. అమ్మమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మన ఇంటి మీదుగా ఎగురుతానని మామయ్య ఉత్తరం రాశాడు. ఖానాపురం హవేలి ఇప్పుడు ఖమ్మంలో కలిసిపోయిందిగానీ, ఆ రోజుల్లో చెరువూ, చేలూ, మిరప కళ్ళాలూ ఉన్న పల్లెటూరే. వార్త ఊరంతా పాకింది. అమ్మమ్మను కుర్చీతో సహా మేడ మీదికి మోసుకెళ్ళారు. ఆవిడ పట్టుచీర కట్టుకుంది. పైనుంచి కొడుక్కి ఆనవాలు తెలియాలని నా చేత ఎర్ర దుప్పటి పిట్టగోడ మీద ఆరవేయించింది. చుట్టూ కళ్ళాలనిండా ఎర్రగా మిరపకాయలు ఎండుతుంటే ఈ ఒక్క దుప్పటి ఎలా కనిపిస్తుందని ఎవరికీ తోచలేదు!

తొమ్మిదైంది, పదైంది, పన్నెండైంది. జనం ఒక్కొక్కరే దిగిపోయారు. విమానం రాలేదు.

జరిగింది తర్వాత తెలిసింది. సెస్నా 152 తీసుకుని మామయ్య, లెక్చరరుగారు బయల్దేరారు. వచ్చేటప్పుడు లెక్చరరుగారు నడపాలి, పోయేటప్పుడు మామయ్య నడపాలి. రైలుపట్టా వెంబడి రావడం వాళ్ళ ఎత్తు. డోర్నకల్ దగ్గర పట్టా రెండుగా చీలితే ఎడమ పాయ కొత్తగూడెం పోతుంది, రెండోది ఖమ్మం వస్తుంది. అక్కడి నుంచి మా ఇల్లు ఎంత దూరం? కానీ మహబూబాబాదు దాటేసరికి కింద మంచు కమ్మి పట్టా కనబడలేదు. ఇలాంటి లైసెన్సువాళ్ళు నేలను చూసుకుంటూ ఎగరాలేగానీ, మబ్బులో దూరి పోకూడదు. "ఇంకో పది నిమిషాలురా, మా అమ్మ చూస్తుంటుంది" అన్నాడు మామయ్య. లెక్చరరుగారు మారుమాట లేకుండా విమానం ముక్కు వెనక్కి తిప్పేశాడు.

మూడు నెలలకు అమ్మమ్మ పోయింది. మామయ్య ఆ స్నేహితుడితో మాట్లాడటం మానేశాడు. ఆ తర్వాత క్లబ్బూ మానేశాడు. పదకొండేళ్ళు!

ఈ మధ్య జె.ఆర్.డి. టాటా సంగతి చదివి మామయ్యకు చెప్పాను. 1930లో ఇండియా, ఇంగ్లండు మధ్య ఒంటరిగా ఎగిరిన భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌన్ల బహుమతి పెట్టాడు. టాటా కరాచీ నుంచి బయల్దేరాడు. అస్పీ ఇంజనీర్ అనే కుర్రాడు ఇంగ్లండు నుంచి ఎదురొస్తున్నాడు. ఈజిప్టులో అబూకిర్ దగ్గర ఇద్దరూ కలిశారు. స్పార్క్ ప్లగ్గు లేక అస్పీ ఆగిపోయి ఉన్నాడు. టాటా తన దగ్గరున్నది ఇచ్చాడు. ఆ కుర్రాడే ముందు చేరి పందెం గెలిచాడు. 1960లో వైమానిక దళానికి అధిపతి కూడా అయ్యాడు.

మామయ్య కాసేపు ఊరుకుని, "ప్లగ్గు ఇచ్చినవాణ్ణి మెచ్చుకోవడం తేలికే బిడ్డా. ముక్కు తిప్పినవాణ్ణి మెచ్చుకోవడమే కష్టం" అన్నాడు.

పదకొండేళ్ళ తర్వాత వాళ్ళను కలిపింది ఎవరో పెద్దమనిషి కాదు, పళ్ళ డాక్టరు చావు. ఆస్పత్రి వరండాలో ముగ్గురూ పక్కపక్కన కూర్చున్నారట. ఎవరింటి నుంచో వచ్చిన టిఫిన్ డబ్బా మధ్యలో ఉంది. ముగ్గురిలో ఒక్కరూ మూత తీయలేదు. అప్పుడు మామయ్యే లెక్చరరుగారి చెయ్యి పట్టుకున్నాడు.

మాటలు కలిశాయిగానీ, ఆ ఆదివారం ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు. మొన్న సంక్రాంతికి లెక్చరరుగారు మా ఊరొచ్చారు. ఎనభై దగ్గర పడ్డ ఇద్దరూ మేడ మీద కూర్చుని, షంషాబాదు వైపు పోయే విమానం ఎంత ఎత్తులో ఉందని పోట్లాడుకుంటున్నారు. కాఫీ ఇస్తూ, ఎందుకో ఆ రోజు గుర్తొచ్చి, నేనన్నాను: "మామయ్యా, ఆ రాత్రి మీరు వెనక్కి మళ్ళారని కబురొచ్చినప్పుడు అమ్మమ్మ ఏమందో తెలుసా?"

ఇద్దరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

"'పక్కనున్న పిల్లాడెవరోగాని బుద్ధిమంతుడు. నా కొడుకును ఇంటికి చేర్చాడు' అంది. దుప్పటి మడత పెడుతున్న నాతోనే అంది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?" అన్నాడు మామయ్య. గొంతు వణికింది.

ఏం చెప్పను? ఎనిమిదేళ్ళ పిల్లకు అది మామూలు మాట. పెద్దయ్యాక, వాళ్ళు ఎలాగూ కలిసిపోయారు, ఇంకెందుకులే అనుకున్నాను. మన దగ్గర దాచిన మాట ఇంకొకరికి మందవుతుందని మనకెప్పటికి తెలుస్తుంది?

లెక్చరరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. మామయ్య ఆయన చేతిలోని కాఫీ గ్లాసు లాక్కుని, "చల్లారిపోయిందిరా, ఇంకోటి తెప్పిస్తానుండు" అన్నాడు.

నిజానికి కాఫీ పొగలు కక్కుతూనే ఉంది.