ఈత నేర్పువారి కురులు

నీటితో బ్రదుకువారికి నీటివలననే కొన్ని బాధలు గలుగుట సహజము. పడవవాని యరచేతులు కాయలు గాచును. నాట్లు వేయు స్త్రీల కాలివ్రేళ్లు ఒరసిపోవును. ఈత నేర్పుటయే వృత్తిగా గల మాబోటి స్త్రీలకు తలవెండ్రుకలు చెడును. ఇది చెప్పుకొనదగిన కష్టమా యని చదువరులు నవ్వవచ్చును. కాని యీ చిన్న కష్టము మూలమున నెందరో బాలికలు ఈతకు దూర మగుచుండుట మేము కన్నులార చూచుచున్నాము. కావున నీ విషయమున నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి.

మేము నలుగురము కృష్ణాతీరమందలి యొక పట్టణమున బాలికలకు ఈత నేర్పుచున్నాము. ఉదయము 2 గంటలు, సాయంకాలము 2 గంటలు, వారమునకు 6 దినములు కొలనులోనే యుందుము. మాలో ముగ్గురకు నడుము దాటిన జడలు గలవు. నాలుగవ యామె మూడేండ్ల క్రిందట జుట్టు మెడవరకు కత్తిరించుకొనెను. నాటినుండి యామెను జూచినవారెల్ల "ఎన్ని కత్తెర లిచ్చితి వమ్మా తిరుపతిలో?" అని యడుగుటయే. ఆమె నవ్వి, "అంతయు గంగమ్మకే యిచ్చితి నండీ" యని బదులు చెప్పును.

పోయిన వేసవిలో నొక తల్లి తన పండ్రెండేండ్ల కూతురి జడను మా యెదుట విప్పి చూపెను. "చూడండి టీచరుగారూ, పట్టుకుచ్చువంటి జుట్టు నెల దినములలో కొబ్బరిపీచైనది. రేపటినుండి పిల్లను పంపనండీ" యనెను. అప్పుడప్పుడే నీటిపై తేలుట నేర్చిన యా బాలిక తల వంచుకొని నిలుచుండెను. వారి యిల్లు కాలువగట్టున నున్నది. 2021వ సంవత్సరమున లోకమందు సుమారు 3,00,000 మంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలిపియున్నది. జుట్టుకొరకు ఈత మానుట తగదు. ఈతకొరకు జుట్టు వదలుకొమ్మనుటకు మే మెవ్వరము? రెండును నిలుచు మార్గమును మా యనుభవమునుండి యా తల్లికి చెప్పితిమి. దానినే యిచట వ్రాయుచున్నాము.

వెండ్రుక పైభాగమున చేపపొలుసులవంటి పొర యొకటి గలదు. దానిపై సన్నని జిడ్డుపూత యుండును. వెండ్రుక తడిసినప్పుడు నీటిని పీల్చి యుబ్బును. దాని లావు నూటికి సుమారు 15 వంతులు పెరుగును. పొలుసులు లేచి యొకదానితో నొకటి రాచుకొనును. తడి జుట్టు సులభముగ సాగి తెగుట కిదియే కారణము. కొలనునీటిలో క్రిములను చంపుటకై కలిపిన క్లోరిన్ జిడ్డుపూతను హరించి, వెండ్రుకలోని మాంసకృత్తులను గూడ క్షీణింపజేయును. ఎండ దానికి తోడ్పడును. నీటి నాచు పోవుటకై వేయు మైలుతుత్తములోని రాగి, తెల్లని జుట్టునకు పచ్చదన మంటించును. ఆ దోషము క్లోరిన్‌ది కాదు.

కావున నీటిలో దిగుటకు ముందే రక్షణ మారంభము కావలెను. మొదట మంచినీటితో తల పూర్తిగ తడుపుకొనవలెను. ఎండిన బట్టకంటె తడిసిన బట్ట క్రొత్తనీటిని తక్కువగా పీల్చునుగదా! జుట్టునకు నట్లే. పిమ్మట కొబ్బరినూనె కొద్దిగ, ముఖ్యముగా జడ కొనలకు, రాయవలెను. కొబ్బరినూనె వెండ్రుకలోనికి చొచ్చి మాంసకృత్తుల నష్టమును తగ్గించుననియు, ప్రొద్దుతిరుగుడు నూనెకు, ఖనిజతైలమునకు నా గుణము లేదనియు 2003లో ప్రకటింపబడిన యొక పరిశోధనము తెలుపుచున్నది. పరిశోధకులు కొబ్బరినూనె నమ్ము సంస్థవారే యైనను, మా యమ్మమ్మల యనుభవమును దీనికి సాక్ష్యము చెప్పుచున్నది. అయితే నూనె కారునట్లు రాచి కొలనులో దిగుట తోటివారికి ద్రోహము.

తరువాత వదులుగ జడ యల్లి, చుట్టి, టోపీ ధరింపవలెను. రబ్బరుటోపీ జుట్టును పీకును. నూనె తగిలిన త్వరగా చెడును. సిలికాన్ టోపీ మేలు. ఏ టోపీయు నీటిని బొత్తిగా నాపజాలదు గాని రాపిడిని, చిక్కును తగ్గించును. పెద్ద జడకు పెద్ద టోపీ కావలెను. దట్టమైన యుంగరాల జుట్టుగల ఈతగాండ్రకై చేయబడిన పెద్ద టోపీని 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సునకు అంతర్జాతీయ ఈత సమాఖ్య యంగీకరింపలేదు. మరుసటి యేట నంగీకరించెను. జుట్టును బట్టి టోపీ యుండవలెనుగాని, టోపీని బట్టి జుట్టు కాదని యప్పటికి తెలిసినది కాబోలు!

నీటినుండి వెలువడిన తోడనే మంచినీటితో తల కడుగవలెను. ఇంటికి పోయి కడుగుదమని తడిజడతో నుండరాదు. చెంబెడు నీటిలో చిటికెడు విటమిన్ సి పొడి కలిపి పోసికొన్నచో మిగిలిన క్లోరిన్ విరుగును. ప్రతిదినము తల రుద్దుకొన్నచో నున్న జిడ్డును పోవును. మేము వారమునకు రెండుసార్లే కుంకుడు రసముతో రుద్దుకొందుము. కొలనులో నెఱ్ఱబడిన కన్నులలో నది పడకుండ జాగ్రత్త వహింపవలెను. తడితలను తువాలుతో అద్దవలెనే కాని విదిలింపరాదు. సగ మారినపిదప పెద్దపండ్ల దువ్వెనతో కొనలనుండి పైకి చిక్కు తీయవలెను. తడి జుట్టు బిగించి ముడి వేయరాదు.

ఇన్ని చేసినను మా జడలు కొలను నెఱుగనివారి జడలవలె నిగనిగలాడవు. చెడిన వెండ్రుక మరల బాగుపడదు. కొనలు కత్తిరించుచు, క్రొత్తగా పెరుగుదానిని కాపాడుకొనుటయే మార్గము. ఆ తల్లియు నీ మాట విని కొనలు కత్తిరించి, కూతురిని మరల పంపినది.

బాలికలారా, జడ మీది. ఉంచుకొనుటయు, కత్తిరించుకొనుటయు మీ యిష్టము. ఈతమాత్రము మానకుడు. మునుగుచున్న తమ్మునికో చెల్లెలికో చేయి యందించు దినము వచ్చినపుడు, అక్క జుట్టు మెరయుచున్నదా యని యెవ్వరును చూడరు.